తీతువు గూటి ఆచూకీ

ఆ గూడు ఎక్కడుందో అందరికీ చెప్పింది నేనే. ముందు ఆ మాట చెప్పేసి, మిగతాది తర్వాత చెబుతాను. నాకు రాయడం రాదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు చదువుతాను, అంతే. నేను చెబుతుంటే మా ఎదురు ఫ్లాటు టీచరమ్మ రాస్తోంది. నా గొంతు గరగరమన్నప్పుడల్లా ఆవిడ పెన్ను కింద పెట్టి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతోంది. ఈ గొంతు వయసుతో వచ్చింది కాదు. పెళ్ళిళ్ళలో పోయింది.

మా ఆయనకు పాత చాకలిపేటలో ఫోటో స్టూడియో ఉండేది. మేం నాలుగు తరాలుగా మద్రాసువాళ్ళం, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. స్టూడియో అంటే పెద్దదనుకోవద్దు. ముందు ఒక బల్ల, వెనక నీలం తెర, మధ్యలో ఒక స్టూలు. పాస్‌పోర్టు ఫోటోలు, బడి పిల్లల ఫోటోలు, మా వాళ్ళ పెళ్ళిళ్ళు. బటను నొక్కడం ఆయన పని, నొక్కేదాకా ఉండే పనంతా నాది. లైటు పట్టుకునేదాన్ని, చంటిపిల్లలను నవ్వించేదాన్ని, పెళ్ళికూతురి పైట సర్ది, జడ ముందుకు వేసి, గడ్డం ఇంత పైకెత్తి పక్కకు తప్పుకునేదాన్ని. అసలు పని గ్రూపు ఫోటో. వేదిక మీద నలభై మంది, పక్కన నాదస్వరం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ చివరి మామయ్యా లోపలికి జరగండి, చెల్లెమ్మా పిల్లను ఎత్తుకో, ఎర్ర చీర అత్తయ్యా ముందుకు రండి అని కేకలు పెట్టీ పెట్టీ ముప్పై ఏళ్ళలో గొంతు ఇలా అయింది.

మూడేళ్ళ కిందట ఆయన పోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చివరి వారం జ్వరం దిగకుండా కాసింది, తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత స్టూడియో మూసేశాం. ఏడాది తిరిగాక దగ్గరివాళ్ళ పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. పెళ్ళికూతురి పైట ఒక పక్క జారి ఉంది. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పక్కనున్న పెద్దావిడ నా మణికట్టు మెల్లగా పట్టుకుని, నువ్వు కూర్చోమ్మా, వాళ్ళు చూసుకుంటారులే అంది. చెడ్డ మాటేం అనలేదు. నాకే అర్థమైంది. వందమంది పెళ్ళికూతుళ్ళ పైటలు సర్దిన చెయ్యి ఒక్క ఏడాదిలో పనికిరానిదైంది. అప్పటినుంచి పెళ్ళిళ్ళకు పోవడం మానుకున్నాను.

మా అమ్మాయి నన్ను ఊరికి దక్షిణపు కొసన ఉన్న షోళింగనల్లూరుకు, తన ఫ్లాటుకు తీసుకొచ్చింది. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలే, పొద్దున ఒకరి క్యాబు, మధ్యాహ్నం ఒకరి క్యాబు. ఎనిమిదో అంతస్తు. బాల్కనీలో నిలబడితే దూరంగా పచ్చగా, మధ్యమధ్య అద్దం ముక్కల్లా మెరుస్తూ చిత్తడి నేల కనిపిస్తుంది. వాన నీళ్ళు అందులో చేరి, కాలవలు పట్టుకుని సముద్రానికి పోతాయి. మొదట్లో నాకు అది ఖాళీ స్థలం. ఇంకా ఎవరూ ఫ్లాట్లు కట్టలేదేమిటా అనుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున కంటి డాక్టరు దగ్గరికి మేడవాక్కం బస్సులో పోతుంటే ఆ చిత్తడి పక్కనే బస్సు ఆగిపోయింది, ముందు ఏదో లారీ చెడిపోయి. కిటికీలోంచి చూస్తే రోడ్డు వారగా పదిమంది, ఒక్కొక్కరి చేతిలో మోచెయ్యంత కెమెరా. అందరూ సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తున్నారు. నా ప్రాణం ఊరుకోలేదు. బస్సు దిగాను. వాళ్ళలో తెల్లజుట్టాయన ఒకరుంటే, ఆయన దగ్గరికి పోయి అరవంలో చెప్పాను, వెలుగు మొహాన కొడుతోంది, పిట్టలన్నీ మసిబొగ్గులా పడతాయి, రోడ్డు దాటి ఆ పక్కనుంచి తీయండని. ఆయన కెమెరాలో ఫోటో చూసుకున్నాడు, నన్ను చూశాడు, నవ్వాడు. తర్వాత అందరినీ రోడ్డు దాటించాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయిన మనిషి, ఆ పక్షుల గుంపుకు పెద్ద. అందరూ సారు అనే అంటారు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నాడు.

అట్లా మొదలైంది. మా ఆయన చివర్లో కొన్న కెమెరా ఒకటుంది. బటను నొక్కితే ముక్కు ముందుకు సాగుతుంది, దూరంలో ఉన్నది దగ్గరికి వస్తుంది. కల్యాణమండపంలో వెనక వరసనుంచి తీయడానికని కొన్నారు. దాన్ని బీరువాలోంచి తీశాను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, ఆకుల మీద నడిచే పొడుగువేళ్ళ కోళ్ళు, చలికాలంలో గులాబీ రంగు ఫ్లెమింగోలు. పేర్లు సారు చెప్పేవాడు, నేను మరిచిపోయేదాన్ని. ఓపిక మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. స్టూడియోలో ఏడ్చే పిల్లవాడి ముందు బటను మీద వేలు పెట్టుకుని మా ఆయన అరగంట నిలబడేవారు, విసుక్కోకుండా. పిట్టలతోనూ అంతే. పైగా పిట్టలు నా నుదుటి వంక చూడవు.

గుంపుకు ఫోన్లో ఒక వాట్సాప్ ఉంది. అందులో అందరూ ఇంగ్లీషులో రాసుకుంటారు. నేను ఫోటోలు చూస్తాను, మాటలు చూసి తల ఊపుతాను. నాకు చదవడం రాదని అక్కడ ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. కళ్ళజోడు మరిచిపోయాను అనేది నా అలవాటు మాట.

ఇక ఆ తీతువు సంగతి. ఎండాకాలం, అరవవాళ్ళు కత్తిరి అనే నడి ఎండలు మొదలయ్యాయి. నీళ్ళు లోపలికి తగ్గిపోయి అంచులన్నీ నెర్రెలు విచ్చాయి. వారం మధ్యలో ఒక పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ గేదెలు మేపే ఆమె ఒకామె ఉంది, నా వయసుదే, ఆమెదీ ఇంట్లో తెలుగే. ఎప్పుడూ పలకరించేది. ఆ పొద్దున నేను గట్టు దిగి నడుస్తుంటే కర్ర అడ్డం పెట్టింది.

"ఆడ అడుగు పెట్టబాక అక్కా. గుడ్లుండాయి."

నాకేం కనపడలేదు. ఆమె కర్రతో గాలిలోనే చూపించింది. విరిగిన సిమెంటు తూము, దాని పక్కన ఎండిన జమ్ము దుబ్బు, దుబ్బు నీడలో నేల. చూస్తే గులకరాళ్ళు, ఎండిన పేడ ముక్కలు. చూస్తూ చూస్తూ ఉంటే ఆ రాళ్ళలో నాలుగు రాళ్ళు గుడ్లయ్యాయి. మట్టి రంగు, నల్ల మచ్చలు, నాలుగు మొనలూ లోపలికి తిరిగి ఉన్నాయి. గూడంటే పుల్లలతో కడతారు కదా, ఇది ఉత్త గుంట. అవి పెట్టినప్పటినుంచి ఆమె తన గేదెలను ఆ పక్కకు రానివ్వకుండా తిప్పి తోలుతోందట.

ఇద్దరం వెనక్కి పోయి గట్టు మీద కూర్చున్నాం. తల్లి వచ్చింది. నల్లటి మెడ, తెల్లటి పొట్ట, కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుప్పచ్చ కాళ్ళు. తిన్నగా గూటికి రాలేదు. నీళ్ళ దగ్గరికి పోయి, పొట్ట ఆనేలా కూర్చుని రెండుసార్లు ఊగి, పొట్ట ఈకలు నీళ్ళోడుతుండగా వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా తడిపొట్ట వేస్తుందని గేదెలామె చెప్పింది. తడిగుడ్డ వేయడం నాకు తెలిసిన పనే.

మా ఇళ్ళలో తీతువు అంటే పడదు. అది ఇంటి మీదుగా కూస్తూ పోతే కీడని మా అత్తగారు గుమ్మంలో నీళ్ళు చల్లేది. నా ఎదురూ దాని కూతా ఇప్పుడు మా వాళ్ళ లెక్కలో ఒకటే. అందుకేనేమో, ఆ పిట్ట నాకు నచ్చింది.

గట్టు మీదనుంచే కెమెరా ముక్కు పూర్తిగా సాగదీసి తీశాను. ఒకటి తల్లి తడిపొట్టతో నిలబడినది, ఒకటి గుడ్లు ఒంటరిగా ఉన్నది. ఇంటికొచ్చి చూసుకుంటే, చెప్పకూడదు గానీ, మా ఆయన తీసినంత శుభ్రంగా ఉన్నాయి.

రెండు రోజులు దాచుకున్నాను. శనివారం సాయంత్రం ఇక ఆగలేకపోయాను. ఏడాదిగా ఆ గుంపులో అందరూ నాకు చూపించేవాళ్ళే. అదిగో ఆంటీ, ఇదిగో ఆంటీ, ఆ చెట్టు మీద ఆంటీ. మొదటిసారి నేను చూసింది వాళ్ళెవరూ చూడలేదు. కెమెరా తెర మీద ఫోటో పెట్టుకుని, దాన్ని ఫోనుతో ఫోటో తీసి గుంపులోకి పంపాను. రాయలేను కాబట్టి గొంతుతో చెప్పాను. మండపానికి దారి చెప్పినట్టు చెప్పాను. మేడవాక్కం రోడ్డులో నీలం బోర్డు దాటాక సగంలో ఆగిన గోడ, గోడ కొసన గట్టు దిగితే విరిగిన తూము, తూముకు ఎడమ పక్క జమ్ము దుబ్బు, అందరూ వచ్చి చూడండి అని. రాత్రి పడుకునేలోపల బొటనవేళ్ళు, దండాలు, చప్పట్ల బొమ్మలు ఎన్నో వచ్చాయి. అవి చదవడానికి చదువు అక్కర్లేదు. సంతోషంగా నిద్రపోయాను.

పక్షుల ఫోటోలు తీసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. గూడు ఎక్కడుందో ఎవరూ ఎవరికీ చెప్పరు. గుడ్ల ఫోటో అసలు పంపరు. ఆ మాట వాళ్ళ వాట్సాప్‌లో అన్నిటికంటే పైన రాసి పెట్టి ఉందట, ఎప్పటినుంచో. ఇంగ్లీషులో. ఏడాదిగా ప్రతిరోజూ ఆ రాతను చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఆదివారం మా అమ్మాయికి ఆఫీసు ఉంది, వంట ముగించి నేను బస్సు దిగేసరికి ఎనిమిదిన్నర. అప్పటికే ఎండ చురుకు పట్టింది. గోడ కొసన బళ్ళు నిలబెట్టి ఉన్నాయి, నాకు తెలిసినవి మూడు, తెలియనివి నాలుగు. గట్టు ఎక్కి చూశాను. ఏడెనిమిది మంది గూటి చుట్టూ ఉన్నారు. ఒకాయన బోర్లా పడుకుని మూరెడు దూరంనుంచి తీస్తున్నాడు. ఫోటోకు అడ్డమొస్తోందని జమ్ము దుబ్బును పీకి పక్కన పడేశారు. గుడ్లు నాలుగూ నీడ లేకుండా ఎండలో ఉన్నాయి. పైన రెండు పిట్టలూ గుండ్రంగా తిరుగుతూ, అరుస్తూ, ఒక్కోసారి మనుషుల తలల దాకా దిగి మళ్ళీ లేస్తున్నాయి. ఆ దిగడాన్ని కూడా ఒకాయన ఫోటో తీస్తున్నాడు. తెల్లవారి ఆరింటినుంచి ఉన్నారట.

ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. కేక పెట్టానని మాత్రం తెలుసు. అరవంలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయాను.

"అందరూ ఎనక్కి జరగండి. బోర్లా పండుకున్నాయన లేసేయండి. ఆ టోపీ పెట్టుకున్నాయనా, కాళ్ళ కింద సూసుకోని నడవండి. రోడ్డు మీదికి పోండి, ఒక్కరు గూడా ఈడ ఉండగూడదు."

ముప్పై ఏళ్ళ గొంతు, పెళ్ళివారిని కదిలించిన గొంతు, ఎక్కడికి పోతుంది. అర్థమైనవాళ్ళూ కానివాళ్ళూ అందరూ జరిగారు. బోర్లా పడుకున్నాయన ఆంధ్రానుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాడు. మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ గట్టెక్కి నా ఎదురుగా నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు, ఆశ్చర్యంగా ఉన్నాడు.

"దారి చెప్పింది మీరే కదండీ. మీ వాయిస్ వినే వచ్చాం మేమంతా."

నా వెనక గేదెలామె ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆమె ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది.

"నువ్వా అక్కా చెప్పింది?"

నేనే అన్నాను.

"నా బర్రెలు పదకొండు. కర్ర ఇట్టా అడ్డం బెడితే ఒక్కటి గూడా దాన్ని దాట్లేదు."

అంతే అంది. తర్వాత కిందికి దిగింది. పీకేసిన దుబ్బును చేత్తో ముట్టకుండా కర్ర కొసతో నెట్టుకుంటూ పోయి, గుడ్లకు తూర్పు పక్క నిలబెట్టి, రెండు సిమెంటు ముక్కలు ఆనించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ పిట్టలు ఆమె మీద అరిచాయి గానీ తల మీదికి దిగలేదు. నేను వెంట వెళ్ళబోతే చెయ్యి చూపి ఆపింది.

సారు అప్పుడొచ్చాడు. ఆయన రాత్రి ఫోను చూడలేదు, పొద్దున చూసి పరుగున వచ్చాడు. ఎవరినీ తిట్టలేదు. అందరినీ బస్‌స్టాపు నీడకు పంపి, నన్ను పక్కకు పిలిచి, పైన రాసిన కట్టుబాటు చూళ్ళేదా అమ్మా అని అడిగాడు. కళ్ళజోడు మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాకు చదవడం రాదు సార్ అన్నాను. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

బస్‌స్టాపులో నిలబడి చూశాం. ఆడపిట్టో మగపిట్టో, ఒకటి దూరంగా వాలింది. నాలుగడుగులు నడిచింది, ఆగింది, మళ్ళీ ఎగిరిపోయింది. ఇంకోసారి దుబ్బు దాకా వచ్చింది, రోడ్డు మీద ఏదో లారీ హారను కొట్టింది, పోయింది. నా బ్లౌజు వీపున తడిసి అతుక్కుపోయింది. మూడోసారి అది నీళ్ళ వైపు పోయింది. పొట్ట ఆనించి ఊగింది. నీళ్ళోడుతూ నడుచుకుంటూ వచ్చి, గుడ్ల మీద కాసేపు నిలబడి, మెల్లగా కూర్చుంది.

నేనూ కూర్చున్నాను, బస్‌స్టాపు అరుగు మీద.

కానీ సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. అంతసేపు ఎండలో ఉన్నాయి కాబట్టి లోపల ప్రాణం ఉందో లేదో చెప్పలేమన్నాడు. పోయిన గుడ్లమీద కూడా పిట్ట కూర్చుంటుందట, రోజులు గడిచేదాకా దానికీ తెలియదట. మామూలుగా నాలుగు వారాలు పొదుగుతుంది, ఇది ఎప్పుడు మొదలుపెట్టిందో మనకు తెలియదు అన్నాడు. గేదెలామెకు తెలిసి ఉంటుంది. ఆమె నాతో మాట్లాడటం లేదు.

ఆ తర్వాత రెండు వారాల పైన రోజూ వెళ్ళాను. గట్టు దిగలేదు. రోడ్డుమీద బస్‌స్టాపులో నిలబడి కెమెరాలోంచి చూసేదాన్ని, పిట్ట ఉంటే చాలు. బటను నొక్కలేదు. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ నాలుగు గుడ్లే. ఉడికిపోయి ఉంటే ఆ పిట్ట ఎన్నాళ్ళు తడిపొట్ట వేస్తుంది, ఎవరు దానికి చెప్పేది అనుకునేదాన్ని. మా ఆయనకు జ్వరం దిగిందనుకుని తడిగుడ్డ తీసిన గంటకే ఆయన పోయారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇదే చెప్పడం.

మా అమ్మాయి ఒకరోజు నవ్వుతూ అరవంలో అడిగింది, పిట్టకు నువ్వు కాపలావా, నీకు పిట్ట కాపలావా అని. రెండూ అన్నాను.

గేదెలామె ముందు ఎట్లా నిలబడాలో తెలియక ఒక పని చేశాను. మా అంతస్తులో ఆరు ఫ్లాట్లు. రోజూ ఆరిళ్ళ కూరగాయల తొక్కలు, అరటిపండు తొక్కలు, కొబ్బరి పిప్పి ఒక సంచిలో వేయించుకుని బస్సులో పట్టుకెళ్ళేదాన్ని. కండక్టరు మొదటి రోజు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు, మూడో రోజుకు అలవాటుపడ్డాడు. సంచి గట్టు మీద పెడితే ఆమె ఏమీ అనకుండా తీసుకుపోయి గేదెల ముందు పోసేది. ఖాళీ సంచి మడిచి నా పక్కన పెట్టేది. మాట లేదు. గేదెలు మాత్రం నన్ను చూస్తే లేచి నిలబడటం మొదలుపెట్టాయి.

పదిహేడో రోజో పద్దెనిమిదో రోజో, బస్సు దిగి కెమెరా కంటికి పెట్టుకుంటే గూటి మీద పిట్ట లేదు. నీళ్ళ దగ్గర చూశాను, లేదు. దుబ్బు ఉంది, సిమెంటు ముక్కలు ఉన్నాయి. ముక్కు పూర్తిగా సాగదీసి చూశాను. నాలుగు గుడ్లు ఉండాల్సిన చోట ఒకటే కనిపించింది.

సంచి బస్‌స్టాపులోనే వదిలేసి గట్టెక్కాను. ముంగిసలు తిరుగుతాయి అక్కడ, కాకులున్నాయి, కుక్కలున్నాయి. దుబ్బు సరిగ్గా నిలబడకపోయి ఉంటుంది, నీడ చాలక పోయి ఉంటుంది, నావల్లే అనుకుంటూ గట్టు మీద నిలబడిపోయాను. గేదెలామె దూడను పట్టుకుని దూరంగా ఉంది. నన్ను చూసి కదల్లేదు. చెయ్యి ఎత్తి, కదలబాక అన్నట్టు అరచెయ్యి చూపించింది.

పిట్ట అరిచింది. గూటి దగ్గర కాదు, బాగా ఇవతల, గేదెలు నడిచి నడిచి బురద ఆరిన చోట. అరుస్తూ నావైపు పరిగెత్తుకొచ్చి మళ్ళీ పక్కకు పోతోంది. పోయిన గుడ్లకోసమైతే ఇక్కడెందుకు అరుస్తుంది అని అప్పుడు తట్టింది.

గేదెలామె ఆడనుంచే పలికింది. పద్దెనిమిది రోజుల తర్వాత.

"నేల సూడక్కా, పిట్టను గాదు. మా దూడ అడుగుల్లో సూడు."

చూశాను. గట్టిపడిన మట్టిలో గిట్టల గుంటలు. ఒక గుంటలో మట్టిబెడ్డ ఉంది. ఆ బెడ్డకు కన్ను ఉంది.

తల్లి అరిస్తే పిల్లలు ఉన్నచోటే నేలకు అతుక్కుపోతాయట, ఊపిరి కూడా తెలియకుండా. ఇంకో గుంటలో ఇంకోటి. మూడోది గుంటలో లేదు, గడ్డి మొద్దు పక్కన, మెడ చాచి, తెల్లటి మెడపట్టీ కనపడకుండా తల వంచి ఉంది. కోడిపిల్లంత కూడా లేవు, కాళ్ళు మాత్రం అప్పుడే పొడుగు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపో. తల్లి అరుపు ఆపింది. ఇంకో రకంగా, చిన్నగా, టిక్ టిక్ అంది. మూడు మట్టిబెడ్డలూ లేచి పరిగెత్తాయి.

నాకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. గొంతు గరగరమని నవ్వు కూడా దగ్గులా వచ్చింది. గేదెలామె నా పక్కకు వచ్చి నిలబడి, తమ దూడ పుట్టిన మర్నాడు తను మొదటి గుడ్డు చూశానని, లెక్క తనకు తెలుసునని, నిన్న సాయంత్రమే గుడ్లు పగిలి పిల్లలు రావడం చూశానని చెప్పింది. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఊరంతా చెప్పేస్తావు గదా."

అని తనే నవ్వింది. తర్వాత నా సంచి ఏదని అడిగింది. బస్‌స్టాపులో వదిలేశానంటే, నా బర్రెల టిఫిను రోడ్డుపాలు చేసినావా అని దూడను లాక్కుంటూ తనే వెళ్ళి తెచ్చుకుంది.

నాలుగో గుడ్డు అక్కడే ఉండిపోయింది. తల్లి దాని దగ్గరికి రెండు రోజులు వచ్చి చూసింది, తర్వాత రాలేదు. నాలుగు పెడితే ఒకటి పోవడం మామూలేనమ్మా, ఎండ వల్లేనని చెప్పలేం అన్నాడు సారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదని ముందే చెప్పాను. అయినా ఆ ఒక్కటి నా పేరునే ఉంచుకున్నాను. మూడు బతికాయి. ఆ మూడింటి మీద ఎవరి పేరూ లేదు, అవి వాటంతట అవే పరిగెత్తుతున్నాయి. పిల్లలను చూసిన రాత్రి నేను పడుకున్న పక్కనుంచి కదలకుండా తెల్లారేదాకా నిద్రపోయాను. ఆయన పోయాక అలాంటి నిద్ర అదే మొదలు.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం గుంపులో కట్టుబాటు నా గొంతుతో వినపడుతుంది. సారే అడిగాడు. అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెబుతాను. గూడు చూస్తే వెనక్కి జరగండి, ఎక్కడో చెప్పకండి, నీడను పీకకండి అని. చదవడం రానివాళ్ళు నేనొక్కదాన్నే కాదని దాంతో తెలిసింది. ఇద్దరు నాకు విడిగా ఫోను చేసి, మీరు చెప్పాకే తెలిసిందమ్మా అన్నారు. ఆ బోర్లా పడుకున్నాయన ఇప్పుడు అందరికంటే దూరంగా నిలబడతాడు. మోకాళ్ళకు మట్టి లేకుండా వచ్చారే అని నేను ఏడిపిస్తుంటాను.

పిల్లలు కనపడిన పొద్దున వాటి ఫోటో ఒకటి తీశాను. గట్టు మీదనుంచి, వెలుగు నా వీపున ఉండేలా చూసుకుని. తల్లి మళ్ళీ అరిచినప్పుడు మూడూ అతుక్కుపోయిన క్షణం. ఫోటోలో ఎండిన బురద, గిట్టల గుంటలు, గడ్డి మొద్దులు, అంతే. పిల్లలు ఎగిరే వయసు వచ్చి, అక్కడినుంచి పోయాక దాన్ని గుంపులో పెట్టాను. ఇందులో ఏముంది ఆంటీ అని కొందరు, ఎక్కడ తీశారని కొందరు అడిగారు. చిత్తడిలో అని చెప్పాను. చిత్తడి చాలా పెద్దది.

మా అమ్మాయి ఫోనులో వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసి, మట్టి ఫోటో తీశావేమ్మా అంది. అందులోనే ఉన్నాయి, చూడు అన్నాను. ఇప్పుడే టీచరమ్మ కూడా రాయడం ఆపి చూసింది. చాలాసేపు చూసి రెండింటిని కనిపెట్టింది. మూడోది ఎక్కడుందో అడుగుతోంది. నేను చెప్పలేదు.